పిన్ నంబరు కూడా మాకే చెప్పేస్తున్నారు... జనం ఫోన్ పనులు నేర్చుకోకపోవడానికి అడ్డం ఏమిటి?

అరండల్‌పేట_జిరాక్స్
గుంటూరు అరండల్‌పేటలో నాకు జిరాక్స్, నెట్ సెంటర్ ఉంది. ఇంటి పన్ను, కరెంటు బిల్లు, పీఎఫ్ క్లెయిమ్, రైలు టికెట్, పిల్లల ఫీజు రీయింబర్స్‌మెంట్... రోజంతా ఇవే పనులు. వచ్చేవాళ్ళలో చాలామంది చేతిలో నా ఫోన్ కంటే మంచి ఫోన్ ఉంటుంది. ఆ ఫోన్‌లోనే అయిపోయే పనికి ఎండలో వచ్చి, లైన్లో నిలబడి, డబ్బులిచ్చి చేయించుకుని వెళ్తారు. నాకు అది బేరమే. కానీ ఈ మధ్య భయం వేస్తోంది. ఫోన్ లాక్ తీసి నా చేతికిచ్చి, వెనక నలుగురు నిలబడి ఉండగానే ‘పిన్ను ఇదీ బాబూ’ అని గట్టిగా చెప్పేస్తారు. కొందరైతే ఏటీఎం కార్డు కవరు మీదే రాసుకుని వస్తారు. రేపు ఇంకెవరి చేతికైనా ఇలాగే ఇస్తే ఏం కావాలి?

‘మీరే నొక్కండి, పక్కనుండి చెప్తాను’ అంటే చెయ్యి వెనక్కి లాక్కుంటారు. చదువు రానివాళ్ళంటే అర్థం చేసుకోవచ్చు. డిగ్రీలు చేసినవాళ్ళు, ఆఫీసర్లుగా రిటైరైనవాళ్ళు కూడా ఇంతే. వీళ్ళని ఆపుతున్నది ఏమిటి? మీ ఇళ్ళల్లో ఏం చూస్తున్నారో చెప్పండి. ‘జనం మారరు’ అని మాత్రం అనకండి, దానితో నాకు ఉపయోగం లేదు.

కృష్ణలంక_కిరణ్
బద్ధకం అన్నా. రీల్స్ చూడటం వీళ్ళకి ఎవరు నేర్పారు? వాట్సాప్‌లో గుడ్‌మార్నింగ్ ఫొటోలు ఎవరు నేర్పారు? కావాలనుకుంటే అన్నీ వస్తాయి.

బ్రోడీపేట_టీచర్
కిరణ్, రీల్స్‌లో తప్పు నొక్కితే ఇంకో రీల్ వస్తుంది, అంతే. డబ్బు పంపేచోట తప్పు నొక్కితే నెల జీతం ఎవరికో పోతుంది. అప్లికేషన్‌లో పుట్టిన తేదీ తప్పు కొడితే పిల్లాడి స్కాలర్‌షిప్ ఆగిపోతుంది. తప్పు చేసినా నష్టం లేని చోట అందరూ నేర్చుకున్నారు. నష్టం ఉన్నచోట ఆగిపోయారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్న లెక్క వాళ్ళది. దాన్ని బద్ధకం అంటే నేను ఒప్పుకోను.

వన్‌టౌన్_లక్ష్మి
మా ఇంట్లో సంగతి చెప్తాను. మా అత్తయ్య వన్‌టౌన్‌లో చిన్న బట్టల కొట్టు నడుపుతారు. గజాల లెక్క, అప్పు లెక్క, ఎవరు ఎప్పుడు ఎంత ఇచ్చారో అంతా నోటికే చెప్తారు. కొట్టులో క్యూఆర్ ఉంది, డబ్బు పడగానే అరిచే డబ్బా ఉంది. కానీ ఆ క్యూఆర్ మా బావగారి అకౌంట్‌ది. అత్తయ్యకి వినబడుతుంది, కనబడదు. సరుకు తెచ్చే మార్వాడీకి డబ్బు పంపాలంటే కొడుక్కి ఫోన్ చేయాలి. ‘నీకెందుకమ్మా ఈ టెన్షన్, నేను చూసుకుంటాగా’ అంటారు బావగారు. ప్రేమగానే అంటారు. కానీ ఆవిడ నేర్చుకోవాలంటే ముందు ఆవిడ పేరు మీద ఏదో ఒకటి ఉండాలి కదా?

నల్లపాడు_నాని
మా ఇంట్లో ఒకటే టచ్ ఫోన్. నాన్న పనికి వెళ్తూ పట్టుకెళ్తారు. రాత్రి వచ్చాక చెల్లి హోంవర్క్‌కి తీసుకుంటుంది. అమ్మ వంతు ఎప్పటికీ రాదు. అమ్మకి కీప్యాడ్ ఫోన్ ఉంది.

లెక్కల_గోపి
నాని, లక్ష్మి గారూ, మీరు చెప్పేది మీ రెండిళ్ళ సంగతే కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ‘ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడారా’ అని అడిగారు. మన ఆంధ్రప్రదేశ్‌లో అవునన్న ఆడవాళ్ళు 21 శాతం, మగవాళ్ళు 48.8 శాతం. ఇది 15 నుంచి 49 ఏళ్ళ మధ్యవాళ్ళ లెక్క. అంటే మా అమ్మ వయసు వాళ్ళు ఈ లెక్కలోనే లేరు. ఒకే ఇంట్లో, ఒకే వైఫై కింద ఉండి కూడా ఇంత తేడా ఉందంటే దానికి బద్ధకం కారణం కాదు.

కృష్ణలంక_కిరణ్
అది కరోనా నాటి లెక్క గోపీ. ఇప్పుడు ప్రతి చేతిలోనూ ఫోన్ ఉంది.

లెక్కల_గోపి
చేతిలో ఉండటం వేరు, తనది కావడం వేరు. లక్ష్మి గారి అత్తయ్య పక్కనే క్యూఆర్ ఉంది కదా, చూశావుగా.

సింగ్‌నగర్_సుజాత
2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు వాగు పొంగి మా మీదికి వచ్చినప్పుడు నేను చూసింది రాస్తాను. అప్పటిదాకా నేనూ కిరణ్‌లాగే అనుకునేదాన్ని.

మా వీధిలో నాలుగిళ్ళలో పనిచేసే అక్క ఒకామె ఉంది. ఇల్లు పైకప్పు దాకా మునిగింది, ఫోన్ నీళ్ళలో పోయింది. కొత్త ఫోన్ ఎవరో ఇచ్చారు. సిమ్ తీసుకోవాలని వెళ్తే ఆ నంబరు ఆవిడ పేరు మీద లేదు. ఎప్పుడో తమ్ముడు వరస అయ్యే కుర్రాడు తన పేరుతో తీసిచ్చాడు, అతను ఇప్పుడు చెన్నైలో పనిచేస్తున్నాడు. సిమ్ రాలేదు కాబట్టి ఓటీపీ రాదు. ఓటీపీ రాదు కాబట్టి బ్యాంకు వివరాలు చూసుకునే దారి లేదు. ముంపు ఇళ్ళకి ప్రభుత్వం 25,000 ప్రకటించింది, గ్రౌండ్ ఫ్లోర్ వాళ్ళకి. పక్కింటివాళ్ళకి పడింది, ఈవిడకి పడలేదు. తిరగ్గా తిరగ్గా తేలిందేమిటంటే, డబ్బు ఆవిడ వాడే అకౌంట్‌లో కాదు, ఎప్పుడో డ్వాక్రా లోను కోసం తెరిచి మర్చిపోయిన ఇంకో అకౌంట్‌లో పడింది. ఆధార్‌కి చివరగా ఏ బ్యాంకు లింక్ అయి ఉంటే సాయం డబ్బు అక్కడికే వెళ్తుందని మాలో ఎవరికీ తెలియదు.

ఈవిడకి ఫోన్ వాడటం వచ్చు. మైకు బొమ్మ నొక్కి గొంతుతో మెసేజ్‌లు పంపుతుంది, వీడియో కాల్స్ చేస్తుంది. కానీ సిమ్ ఒకరి పేరున, ఆధార్‌లో నంబరు పాతది, అకౌంట్ ఇంకోచోట. ఎంత నేర్చుకుంటే మాత్రం ఆ తలుపు తెరుచుకుంటుంది?

అరండల్‌పేట_జిరాక్స్
సుజాత గారూ, ఇది నా షాపులో రోజూ జరిగేదే. అప్లికేషన్ సగం నింపాక ‘ఆధార్‌కి లింకైన ఫోన్ ఎక్కడుంది’ అంటే తెల్లమొహం వేస్తారు. రీఛార్జ్ చేయక నంబరు ఎప్పుడో పోయి ఉంటుంది. ఇక నేను చేసేదేముంది, ఆధార్ సెంటర్‌కి వెళ్ళి ముందు నంబరు మార్పించుకోమని పంపిస్తాను. సగంమంది మళ్ళీ రారు.

మిర్చి_యార్డ్_రఘు
అక్కడికి వెళ్ళినా వేలిముద్ర పడాలిగా. నేను గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టులో గుమస్తాని. సీజన్‌లో కాయలకి తొడిమలు తీసే ఆడవాళ్ళ చేతులు చూస్తే అర్థమవుతుంది. వేళ్ళ చివర్లు మండి, తోలు ఊడి, గీతలే కనపడవు. ముఠా కూలీలదీ అంతే, టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు మోసి మోసి అరచేయి గరుకెక్కిపోతుంది. మిషన్ మీద వేలు పెడితే ఎర్ర లైటే. టచ్ ఫోన్ కూడా వాళ్ళ వేలిని సరిగా పట్టదు, ఒక అంకె నొక్కితే రెండు పడతాయి. కారం అంటిన చేత్తో ఫోన్ ముట్టుకుని తర్వాత కళ్ళు నలుపుకున్నవాళ్ళూ ఉన్నారు, అందుకే పనిలో ఫోన్ మూట కట్టి పక్కన పెట్టేస్తారు. మేస్త్రి ఒక్కడికే ఫోన్ పే. అందరి కూలీ అతనికి పడుతుంది, సాయంత్రం అతను నోట్లు పంచుతాడు.

గుణదల_మేరీ
నేను రిటైర్డ్ నర్సుని. ‘పెద్దవాళ్ళకి రాదు’ అన్న మాట ఒకటి ఉంది కదా, దాని గురించే చెప్పాలి.

పెన్షన్ తీసుకునేవాళ్ళం ఏటా బతికే ఉన్నామని సర్టిఫికెట్ ఇవ్వాలి. దీనికి జీవన్ ప్రమాణ్ అనే ఆన్‌లైన్ పద్ధతి 2014లో వచ్చింది, 2021 నుంచి ముఖం చూపించి ఫోన్‌లోనే ఇచ్చేయొచ్చు. నా పెన్షన్‌కి నేనే ఇంట్లో కూర్చుని చేసుకుంటున్నాను. మా కాలనీలో మిగతా పెన్షనర్లకీ నేర్పాను. నేర్పేటప్పుడు గమనించిందేమిటంటే, వీళ్ళలో ఎవరికీ బుర్ర తక్కువ లేదు. ఐసీయూలో మిషన్లు చూసినదాన్ని నేను, ట్రెజరీ లెక్కలు రాసినాయన ఒకాయన. అందరి ఇంట్లోనూ జరిగింది ఒకటే. ఎప్పుడు ఏది అడిగినా పిల్లలు ‘ఇటివ్వమ్మా’ అని ఫోన్ లాక్కుని, టకటకా నొక్కి, ‘అయిపోయింది, చూడు’ అని తిరిగిచ్చేస్తారు. పని అవుతుంది. నేర్చుకోవడం అవ్వదు. ఇంకోసారి అడిగితే ‘మొన్నే చెప్పాగా’ అంటారు. వాళ్ళు చెప్పలేదు, చేసిపెట్టారు. ‘మొన్నే చెప్పాగా’ అని రెండోసారి అనిపించుకున్నాక ఏ తల్లీ మళ్ళీ అడగదు.

పిల్లలకి సైకిల్ నేర్పేటప్పుడు వెనక సీటు పట్టుకుని పరిగెత్తాం గానీ మనమే ఎక్కి తొక్కలేదు కదా!

నల్లపాడు_నాని
మేరీ ఆంటీ 🙏 ఈ పోస్టు మా బంధువుల గ్రూపులో పెట్టేశాను. అప్పుడే ముగ్గురు మేనత్తలు లవ్ సింబల్ కొట్టారు.

బ్రోడీపేట_టీచర్
లవ్ సింబల్ కొట్టడం వచ్చిందంటే మిగతావీ వస్తాయి నానీ 😄

హైటెక్_శేఖర్
పిల్లల వైపు నుంచి కూడా వినండి. నేను హైదరాబాద్‌లో పనిచేస్తాను, అమ్మానాన్న సత్యనారాయణపురంలో ఉంటారు. నాన్న ఫోన్ చేసేది ఏదో ఒకటి ఆగిపోయినప్పుడే. అప్పుడు నేను మీటింగ్‌లో ఉంటాను. ‘పైన మూడు చుక్కలున్నాయా?’ అంటే ‘చుక్కలు లేవురా’ అంటారు. స్క్రీన్ నాకు కనపడదు. ఈలోగా ఓటీపీ టైమ్ అయిపోతుంది. నేర్పాలని నాకు లేక కాదు, ఫోన్‌లో నేర్పే వీలు లేక.

ఇంకో మాట. నేర్పితే మోసపోతారేమో అన్న భయం నాకు చాలా ఉంది. పోలీసులమని చెప్పి, డిజిటల్ అరెస్టు అంటూ రిటైరైనవాళ్ళని రోజుల తరబడి వీడియో కాల్‌లో కూర్చోబెట్టి లక్షలు లాగేస్తున్నారు. బ్యాంకింగ్ యాప్ నాన్న ఫోన్‌లో లేకపోవడమే క్షేమం అనిపిస్తుంది.

కృష్ణలంక_కిరణ్
శేఖర్ అన్న పాయింటు కరెక్ట్. అందరికీ అన్నీ రావాల్సిన పని లేదు.

బ్యాంకు_కౌంటర్_3
శేఖర్ గారూ, మీ భయం నిజమే, కానీ యాప్ తీసేస్తే అది తీరదు. నేను విజయవాడలో ఒక బ్యాంకులో పనిచేస్తాను. మోసపోయి మా దగ్గరికి వచ్చినవాళ్ళలో యాప్ లేనివాళ్ళూ ఉన్నారు. కేటుగాడు చెప్పాడని స్వయంగా బ్రాంచికి వచ్చి, ఫిక్స్‌డ్ డిపాజిట్ తెంచి ఆర్‌టీజీఎస్‌లో పెద్ద మొత్తం పంపించబోయిన పెద్దాయన్ని మేము బతిమాలి ఆపాం. ఆయన్ని మోసం దాకా తీసుకెళ్ళింది ఫోన్ తెలియడం కాదు, పోలీసులు వీడియో కాల్‌లో అరెస్టు చేయరన్న సంగతి తెలియకపోవడం. డిజిటల్ అరెస్టు అన్నది మన చట్టంలోనే లేదు.

పెద్దవాళ్ళకి మొదట ఈ మూడు మాటలు చెప్పండి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, ఎవరైనా పిన్ కొట్టమన్నారంటే అది డబ్బు లాగడానికే. ఎవరు తొందరపెట్టినా ఫోన్ పెట్టేసి ఇంట్లోవాళ్ళకి చెప్పాలి. పోయిందని తెలిసిన క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చేయాలి, ఎంత ఆలస్యమైతే డబ్బు దొరికే ఆశ అంత తగ్గుతుంది.

ఇంకా భయముంటే వేరే చిన్న అకౌంట్ తెరిచి, రెండు మూడు వేలు మాత్రం అందులో ఉంచి, యూపీఐ దానికి మాత్రమే పెట్టండి. పెన్షన్ పడే అకౌంట్‌ని ముట్టుకోవద్దు. తప్పు జరిగినా ఆ చిన్న మొత్తంతోనే పోతుందని తెలిస్తే, మీ నాన్నగారూ ధైర్యంగా నొక్కుతారు, మీకూ నిద్ర పడుతుంది.

హైటెక్_శేఖర్
చిన్న అకౌంట్ ఆలోచన బాగుందండి. పండక్కి వచ్చినప్పుడు ఇదే చేస్తాను.

పట్టాభిపురం_పద్మ
భాష సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? నేను టైలరింగ్ చేస్తాను, పదో తరగతి దాకా తెలుగు మీడియం. యాప్‌లో తెలుగు పెట్టుకున్నాను. మొదటి పేజీ తెలుగు, రెండో పేజీ సగం తెలుగు, మూడో పేజీకి వచ్చేసరికి అంతా ఇంగ్లీషు. అంతా బాగున్నప్పుడు తెలుగులో మాట్లాడే యాప్ ఏదైనా తేడా వస్తే మాత్రం ఇంగ్లీషులో ఎర్ర అక్షరాలు చూపిస్తుంది. సాయం కావాల్సింది అప్పుడే కదా. బ్యాంకు నుంచి వచ్చే మెసేజ్ ఇంగ్లీషే. డబ్బు వచ్చిందో పోయిందో కూడా మా అబ్బాయి స్కూలు నుంచి వచ్చి చెప్పాలి.

సింగ్‌నగర్_సుజాత
పద్మా, వాట్సాప్‌లో మన మిత్ర వాడి చూశావా? 2025 జనవరిలో ప్రభుత్వం పెట్టింది. సర్టిఫికెట్లు, బిల్లులు వాట్సాప్ చాట్‌లోనే అయిపోతాయి, తెలుగులోనే అడుగుతుంది. మా వీధిలో కొత్త యాప్ అంటే ఆమడ దూరం పారిపోయేవాళ్ళు కూడా దీన్ని వాడారు. కొత్త ఇంటికి వెళ్ళినట్టు ఉండదు, రోజూ చూసే వాట్సాపే కాబట్టి.

అరండల్‌పేట_జిరాక్స్
నేనూ అది చూశాను. ముందే అలవాటైన చోట పని పెడితే జనం వస్తున్నారు. కానీ నా షాపుకి వచ్చేవాళ్ళలో చాలామందికి అలాంటిది ఒకటి ఉందనే తెలియదు.

బెంజ్‌సర్కిల్_బాలు
నాకు చూపు లేదు. ఫోన్‌లో టాక్‌బ్యాక్ పెట్టుకుని స్క్రీన్ మీద ఉన్నది విని పనిచేస్తాను. టైపింగ్, ఈమెయిల్, ఎక్సెల్ అన్నీ వచ్చు, ఉద్యోగం చేస్తున్నాను. కాబట్టి నా దగ్గర స్కిల్ లేదనే మాట లేదు. కానీ ఒక సైటులో వంకరటింకర అక్షరాల బొమ్మ చూపించి అందులో ఉన్నది కొట్టమంటుంది. ఇంకోచోట బటన్‌కి పేరే ఉండదు, టాక్‌బ్యాక్ ‘బటన్, బటన్, బటన్’ అని చదువుతుంది. కేవైసీలో, అంటే మనం ఎవరో సరిచూసుకునే చోట, కెమెరా వైపు చూసి కళ్ళు ఆర్పమంటుంది. ఫ్రేము మధ్యలో ముఖం ఉందో లేదో నాకెలా తెలుస్తుంది? చివరికి పక్కవాళ్ళకి ఫోనిచ్చి, నా పిన్ చెప్పాల్సి వస్తుంది. జిరాక్స్ అన్న మొదట రాసిన పరిస్థితే.

దీని మీద 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. యాసిడ్ దాడిలో ముఖం, కళ్ళు దెబ్బతిన్నవాళ్ళు, చూపు లేనివాళ్ళు వేసిన కేసు అది. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని చెప్పి, కేవైసీకి కళ్ళు ఆర్పడమే కాకుండా వేరే పద్ధతులు కూడా పెట్టమంది. నేర్చుకోవాల్సింది ఎప్పుడూ మనమేనా? యాప్ తయారుచేసేవాళ్ళు కూడా కొంత నేర్చుకోవాలి.

బ్రోడీపేట_టీచర్
బాలు గారూ, ఈ తీర్పు సంగతి నాకు తెలియదు. మా స్కూలు వాట్సాప్ గ్రూపులో పెడతాను, చూపు తక్కువైన పిల్లలున్న తల్లిదండ్రులు అందులో ఉన్నారు.

కృష్ణలంక_కిరణ్
సరే, సిమ్ లేనివాళ్ళు, వేలిముద్ర పడనివాళ్ళు, చూపు లేనివాళ్ళు, వీళ్ళకి నిజమైన ఇబ్బందులున్నాయి. నేను కాదనట్లేదు. కానీ జిరాక్స్ అన్న అడిగింది ఆఫీసర్లుగా రిటైరైనవాళ్ళ గురించి కూడా. వాళ్ళకి మంచి ఫోన్, సిమ్, ఇంగ్లీషు అన్నీ ఉన్నాయి. వాళ్ళనేమంటారు?

శంకర్‌విలాస్_శాస్త్రి
ఆ ప్రశ్నకి నేను జవాబు చెప్పదగినవాణ్ణి. గుంటూరులో ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంట్‌గా చేసి రిటైరయ్యాను. నా టేబుల్ మీదికి ఫైలు వస్తే దాన్లో తప్పు పట్టుకోకుండా కింద పెట్టేవాణ్ణి కాదు. నలుగురూ వచ్చి నన్ను అడిగేవారు. అలాంటివాడు ఇరవై ఏళ్ళ కుర్రాడి ముందు నిలబడి ‘ఇది ఎక్కడ నొక్కాలి బాబూ’ అనడం చాలా కష్టమండీ. ఆ కుర్రాడు ఏమీ అనక్కర్లేదు, చిన్నగా నిట్టూర్చినా చాలు. అందుకని చాలామంది ‘మాకు ఇలాంటివి ఇష్టం ఉండవు’ అని పెద్దరికంగా చెప్పి తప్పుకుంటారు. నాకు నేర్పింది కొడుకు కాదు, మా అపార్టుమెంటు వాచ్‌మన్ కూతురు. ఇంటర్ చదువుతోంది. ఆ అమ్మాయికి ఇంగ్లీషు గ్రామర్ నేను చెప్పాను, నాకు ఫోన్ ఆ అమ్మాయి చెప్పింది. ఇచ్చిపుచ్చుకోవడం ఉంది కాబట్టి ఇద్దరికీ చిన్నతనం అనిపించలేదు.

ఇంకో విషయం. కేంద్రం 2017లో ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ పెట్టింది. 6 కోట్ల గ్రామీణ కుటుంబాల్లో ఇంటికొకరికి, 20 గంటల శిక్షణ. పేరులోనే గ్రామీణ అని ఉంది, కాబట్టి సింగ్‌నగర్, కృష్ణలంక, మా గుంటూరు పేటలు అందులోకి రావు. వయసు 14 నుంచి 60, కాబట్టి నా వయసువాళ్ళు పల్లెలో ఉన్నా రారు. ఇంటికొకరే కాబట్టి, ఆ ఒక్కరూ ఎవరయ్యారో లక్ష్మి గారూ, నాని ఊహించగలరు. 2024 మార్చితో ఆ పథకం కూడా అయిపోయింది. పట్నంలో పేదవాళ్ళకి, ముసలివాళ్ళకి ఎవరు నేర్పాలన్నది ఎవరి ఫైలూ కాదు.

వన్‌టౌన్_లక్ష్మి
ఇంటికొకరు అంటే మా ఇంట్లో కచ్చితంగా బావగారే 🙂

ఏలూరు_కాలువ_గట్టు
శాస్త్రి గారు చెప్పిన ఆ ఫైలు గ్రంథాలయాలు తీసుకోవాలని నా గట్టి అభిప్రాయం. ఇది గ్రంథాలయ ఉద్యమం పుట్టిన నేల. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య గారి చొరవతో మన బెజవాడలోనే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం మొదలైంది. 1930ల్లో పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లాలో పడవలో పుస్తకాలు పెట్టి కాలువ వెంట ఊరూరా తిప్పారు. చదివేవాడు రాలేకపోతే పుస్తకమే వెళ్ళింది. 1990ల మొదట్లో అక్షరజ్యోతి రాత్రి బడుల్లో మా నాన్న పాఠాలు చెప్పడం నాకు గుర్తుంది. వచ్చినవాళ్ళు రానివాళ్ళ పక్కన కూర్చునేవారు, అంతే. సంతకం నేర్చుకున్న రోజు ఒకావిడ పలకని ఇంటికి పట్టుకెళ్ళింది, చెరపనివ్వలేదు. పేటకో గ్రంథాలయం ఉంది, సాయంత్రం ఒక గంట చాలు.

ఆటోనగర్_అజయ్
వినడానికి బాగుందండి. మా పేట గ్రంథాలయంలో కుర్చీ దొరకాలంటే పొద్దున్నే వెళ్ళాలి, అంతా గ్రూప్స్, కానిస్టేబుల్ ఎగ్జామ్స్‌కి చదివేవాళ్ళే. అక్కడ ‘ఓటీపీ చెప్పండి, ఓటీపీ చెప్పండి’ అని గోల చేస్తే వాళ్ళు ఊరుకోరు.

ఇంకొకటి. మీరంతా పెద్దవాళ్ళ గురించే మాట్లాడుతున్నారు. కుర్రాళ్ళకి మాత్రం వచ్చా? నాకు ఆటోనగర్‌లో చిన్న వర్క్‌షాపు ఉంది. ఇంజిన్ పని యూట్యూబ్ చూసి నేర్చుకున్న కుర్రాళ్ళున్నారు నా దగ్గర. జీఎస్టీ బిల్లు టైపు చేసి మెయిల్‌కి జతచేసి పంపరా అంటే ఒక్కడికీ రాదు. డిగ్రీ పాసైనవాడు కూడా బయోడేటా ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతాడు. ఫోన్ మీద వేగం చూసి ‘ఈ తరానికి అన్నీ వచ్చు’ అనుకుంటున్నాం. ఉద్యోగంలో అడిగేది ఆ వేగం కాదు.

ఇంటర్_రెండేళ్ళు
అజయ్ అన్న చెప్పింది నా గురించే అనుకోండి. నేను విజయవాడ దగ్గర ఒక కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో ఇంటర్ చదివాను. ఫోన్ నిషేధం. కంప్యూటర్ ల్యాబ్ ఉంది, బ్రోచర్‌లో కూడా ఉంది, మేము లోపలికి వెళ్ళింది లేదు. పొద్దున్నుంచి రాత్రి దాకా పుస్తకం, కాగితం మీద టెస్టు. ఈఏపీసెట్, జేఈఈ మాత్రం కంప్యూటర్ మీద. మా బ్యాచ్‌లో మౌస్ మొదటిసారి పట్టుకున్నది పరీక్ష హాల్లోనే అనేవాళ్ళు ఉన్నారు. లెక్క వచ్చు, కర్సర్ ఆప్షన్ మీద నిలవదు. ఇంజనీరింగ్‌లో చేరాక మొదటి సెమిస్టర్ అంతా ఫైల్ ఎక్కడ సేవ్ అయిందో వెతకడంతోనే సరిపోయింది. రెండేళ్ళు మమ్మల్ని దూరంగా ఉంచి, మూడో ఏడు అన్నీ వచ్చి ఉండాలి అంటారు.

బ్రోడీపేట_టీచర్
నాన్నా, ఇది రాసినందుకు చాలా సంతోషం. ఇంటర్ కాలేజీలకి పిల్లల్ని పంపే తల్లిదండ్రులు చేరేటప్పుడే అడగాలి, వారానికి ఒక గంట ల్యాబ్ ఉంటుందా లేదా అని. ఫీజు కట్టేది మనమే కదా.

తెనాలి_ట్యూషన్
పెద్దవాళ్ళకి నేర్పిన అనుభవం మీద కొన్ని రాస్తాను, ఎవరికైనా పనికొస్తే తీసుకోండి.

ముందు ఆ ఫోన్ ఒకసారి చూడండి. అమ్మకి ఇచ్చేది సాధారణంగా కొడుకు వాడి వదిలేసిన పాత ఫోన్. స్టోరేజ్ నిండిపోయి ఉంటుంది, అప్‌డేట్ తీసుకోదు, కొత్త యాప్ దాని మీద నడవదు. స్క్రీన్ మూల పగిలి ఆ చోట టచ్ పనిచేయదు. ఫోన్ ఆగిపోతే ఆవిడ ‘నాకు రావట్లేదు’ అనుకుంటుంది. తప్పు ఫోన్‌దని ఎవరూ చెప్పరు. స్టోరేజ్ ఖాళీ చేసి, అక్షరాల సైజు పెద్దది చేసి, అక్కర్లేని నోటిఫికేషన్లు ఆపేసి అప్పుడు మొదలుపెట్టండి.

ఫోన్ వాళ్ళ చేతిలోనే ఉండాలి. నేనైతే నేర్పేటప్పుడు చేతులు కట్టుకుని కూర్చుంటాను, లేకపోతే వేలు దానంతటదే ముందుకు పోతుంది. రోజుకి ఒకటే పని. ఇద్దరు స్నేహితురాళ్ళని ఎదురెదురుగా కూర్చోబెట్టి ఒకరికొకరు ఒక్క రూపాయి పంపుకోమంటాను. తప్పు పోయినా రూపాయే. నోట్సు వాళ్ళ చేత్తో వాళ్ళ మాటల్లో రాయించాలి. ఒకావిడ ‘ఆకుపచ్చ గుండ్రం, తర్వాత కింద బాణం’ అని రాసుకుంది. నాకు అర్థం కాకపోయినా ఆవిడకి అర్థమైతే చాలు.

మిర్చి_యార్డ్_రఘు
రూపాయి ఆట బాగుంది. మా ముఠా మేస్త్రి ఒప్పుకుంటాడో లేదో మరి, అందరికీ వస్తే అతని చేతిలో పంపకం పోతుంది.

పట్టాభిపురం_పద్మ
అదే అడుగుదామనుకున్నా. జిరాక్స్ అన్నా, అందరూ నేర్చేసుకుంటే మీ బేరం ఏమవుతుంది?

అరండల్‌పేట_జిరాక్స్
జిరాక్స్ ఉంది, లామినేషన్ ఉంది, కష్టమైన అప్లికేషన్లు ఎప్పుడూ ఉంటాయి. కరెంటు బిల్లు మీద వచ్చే పది రూపాయల కోసం ఒకరి పిన్ నా చెవిన పడటం నాకు వద్దు.

మీరు రాసినవన్నీ చదివి ఒకటి మొదలుపెడుతున్నాను. మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు దాకా షాపు ఖాళీగా ఉంటుంది. ఆ గంటలో వచ్చినవాళ్ళకి పని నేను చేయను, వాళ్ళ చేతే చేయిస్తాను, డబ్బు తీసుకోను. కౌంటర్‌కి ఇవతల రెండు స్టూళ్ళు వేస్తున్నాను. పిన్ కొట్టేటప్పుడు నేను అటు తిరుగుతాను. సిమ్ ఎవరి పేరున ఉంది, ఆధార్‌లో ఏ నంబరు ఉంది, సాయం డబ్బు ఏ అకౌంట్‌కి లింక్ అయింది, ఈ మూడూ ముందు అడిగి కాగితం మీద రాసిస్తాను. సుజాత గారి వీధిలో ఆవిడ సంగతి చదివాక ఇది తప్పనిసరి అనిపించింది. మూడింటికి రాలేని కూలీల సంగతి ఇంకా తేలలేదు. రఘు గారూ, యార్డు సెలవు రోజు చెప్పండి, నేనే అక్కడికి వస్తాను.

మిర్చి_యార్డ్_రఘు
శని, ఆదివారాల్లో వీలవుతుంది. ముఠా వాళ్ళతో, తొడిమల పని చేసే ఆడవాళ్ళతో మాట్లాడి చెప్తాను. మేస్త్రితో కూడా నేనే మాట్లాడతాను.

శంకర్‌విలాస్_శాస్త్రి
మూడింటికి నేను వస్తాను. ఒక స్టూలు నాది. నా వయసువాళ్ళు వస్తే నా దగ్గరికి పంపండి, కుర్రాళ్ళ కంటే నన్ను అడగడం వాళ్ళకి సులువు.

వన్‌టౌన్_లక్ష్మి
బ్యాంకు గారూ, అత్తయ్య పేరు మీద అకౌంట్ ఉంది, క్యూఆర్ మాత్రం బావగారిది. కొట్టుకి అత్తయ్య క్యూఆర్ పెట్టించాలంటే ఏం కావాలి?

బ్యాంకు_కౌంటర్_3
ఆవిడ పేరున సిమ్ ఉండాలి, ఆ నంబరు అకౌంట్‌కి లింక్ అయి ఉండాలి. రెండూ ఉంటే వాళ్ళ బ్రాంచికే వెళ్ళి అడగమనండి, వ్యాపారానికి విడిగా క్యూఆర్ ఇస్తారు. బావగారికి ముందే చెప్పి చేయండి, కొట్టు లెక్కలో గొడవ రాకుండా.

వన్‌టౌన్_లక్ష్మి
చెప్పే బాధ్యత అత్తయ్యకే ఇస్తాను. ఆవిడ చెప్తే బావగారు కాదనరు.

నల్లపాడు_నాని
అమ్మకి కీప్యాడ్ ఫోనే ఉందన్నాను కదా. టచ్ ఫోన్ కొనేదాకా ఆగాల్సిందేనా?

బ్యాంకు_కౌంటర్_3
ఆగక్కర్లేదు నానీ. కీప్యాడ్ ఫోన్లలో *99# కొడితే నెట్ లేకుండానే యూపీఐ మెనూ వస్తుంది, బ్యాలెన్స్ చూడొచ్చు, డబ్బు పంపొచ్చు. 2022 మార్చిలో కీప్యాడ్ ఫోన్ల కోసమే యూపీఐ 123పే అని కూడా వచ్చింది, దాంట్లో కాల్ చేసి గొంతు చెప్పినట్టు నంబర్లు నొక్కాలి. మొదటిసారి పిన్ పెట్టుకునేటప్పుడు డెబిట్ కార్డు దగ్గర ఉంచుకోమను.

నల్లపాడు_నాని
*99# తెలుగులో వస్తుందా?

బ్యాంకు_కౌంటర్_3
భాష ఎంచుకోవచ్చు, తెలుగు ఉంది. ముందు బ్యాలెన్స్ చూడటం ఒక్కటే చేయించు. పంపడం ఇంకో రోజు.